తువాలు కింద అమ్మిన షేర్లు

వేలితో వేలు పోగొట్టుకున్న తెలివితక్కువవాణ్ణి నేను. మొన్న బడ్జెట్ నాడు మా మనవరాలు మంత్రిగారి ప్రసంగం సగంలో ఉండగానే సెల్‌ఫోన్ మీద వేలు జరుపుతూ ఏవో షేర్లు అమ్మేయబోతుంటే, నా కుడిచేతి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

అవి డెబ్భైల చివరి రోజులు. విదేశీ కంపెనీలు తమ వాటాల్లో కొన్ని మనవాళ్లకు అమ్మి తీరాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో, తిరుపతిలో ఒక సత్రంలో గుమాస్తాగా ఉన్న నాబోటివాడికి కూడా ఒక మందుల కంపెనీకి రవ్వంత యజమాని అయ్యే యోగం పట్టింది. దరఖాస్తుకు నాలుగు మూలలా పసుపు పెట్టి పంపాను, షేర్లు వచ్చాయి. అవి పెరిగితే అద్దె ఇల్లు వదిలి స్థలం కొనాలని నేనూ నా భార్యా ఇంకా లేని ఆ ఇంట్లో రోజూ సామాను సర్దుకునేవాళ్లం.

చిత్తూరులో బెల్లం మండీ నడిపే మా మేనమామే నాకు పిల్లనిచ్చిన మామ. ఆ మండీలో బేరమంతా తువాలు చాటునే. అవతలివాడి చేతిమీద తువాలు కప్పి లోపల ఎన్ని వేళ్లు పట్టి నొక్కితే అంత ధర, పక్కవాడికి తెలియదు. ఆ ఏడు బడ్జెట్ సాయంత్రం అక్కడే రేడియో ముందు కూర్చున్నాను. కంపెనీల మీద పన్ను పెంచారన్నంత వరకు వినిపించి కరెంటు పోయింది. మిగతా వార్త నా భయమే చదివింది.

"ఏందప్పా, మొగం మాడిన పాకం మాదిరి అయిపాయ?" అన్నాడు మామ.

"షేర్లు మునిగినట్టే మామా. ఎవరన్నా తీసుకుంటే ఇచ్చేస్తా."

"చెయ్యి ఇట్లా ఇయ్యి."

తువాలు పడింది. రెండు వేళ్లు నొక్కాడు. అంటే నేను పెట్టినదాంట్లో సగానికి తనే కొంటాడన్నమాట. తలూపాను. మర్నాడు తిరుగు ప్రయాణంలో పూతలపట్టు దగ్గర బస్సు ఆగినప్పుడు పేపరు కొంటే, ఆ పన్ను మందుల కంపెనీలకు లేదని ఉంది. తువాలు కింద కుదిరిన బేరం వెనక్కి తీసుకునే ఆచారం మాలో లేదు. షేర్లు పెరిగాయి, వాటికి బోనస్ షేర్లు కూడా పుట్టాయి. నేను ఎప్పుడు చిత్తూరు పోయినా మామ రెండు వేళ్లు చూపించి, "నీ మందులు బాగా పనిచేస్తా ఉండాయిరా అల్లుడా" అనేవాడు. ఇంటికొచ్చి నా భార్య మొహం చూడటమే నాకు అసలు శిక్ష.

అయిదారేళ్లకు, మందుల ధరలకు ప్రభుత్వం కళ్లెం వేస్తుందని వార్త వచ్చింది. తెల్లారి మొదటి బస్సుకే మామ షేరు కాగితాల సంచీతో దిగబడ్డాడు.

"వీటిని యాడన్నా అమ్మిపెట్టరా, మునిగిపోతా ఉండాము."

నేను అప్పటికే వార్త మొత్తం రెండుసార్లు చదివి ఉన్నాను. కళ్లెం కొన్ని మందులకే, మా కంపెనీవి వాటిలో లేవు. ఆయన భుజం మీది తువాలే తీసి, ఆయన చేతిమీదే కప్పి, రెండు వేళ్లు పట్టి నొక్కాను. కాగే బెల్లం తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"అది పాత ధర గదరా."

"వార్త కొత్తదే మామా. భయం పాతదే గదా."

ఆయన కడుపు పట్టుకుని నవ్వి, కాగితాలు మళ్లీ సంచీలో పెట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడు వాటిలో సగం కూతురి పేర రాశాడు. నేనిది రాస్తున్న ఈ వసారా వాటి పుణ్యమే.

ఇప్పుడు వార్తకూ అమ్మకానికీ మధ్య పూతలపట్టు లేదు, ఆగి పేపరు కొనుక్కునే వ్యవధి లేదు; వేలు కదిపితే అవతల వెచ్చగా పట్టుకునే చెయ్యీ లేదు. అందుకే మొన్న భుజం మీది తువాలు తీసి మనవరాలి ఫోన్ మీద కప్పాను. మంత్రిగారు కూర్చునేదాకా తీయనివ్వలేదు.