మాటల్లేని బొమ్మ

మా నాన్నగారితో సినిమాకి వెళ్ళడమంటే చిన్నప్పుడు నాకు సగం సరదా, సగం సిగ్గు. అమలాపురం హాల్లో నవ్వు బొమ్మ ఏదొచ్చినా మా ఊరు కొత్తపేటలో బస్సెక్కించి తీసుకెళ్ళేవారు. తెర మీద ఒకడు బురదగుంటలో పడబోతున్నాడంటే, వాడింకా రెండడుగుల దూరంలో ఉండగానే ఈయన పకపకా నవ్వేసేవారు. ఆ ఊపులో పక్క సీటాయన తొడ మీద ఫెడీమని చరిచి, "ఏవీ అనుకోకండేం" అనేవారు. హాలంతా ముందు ఈయన్ని చూసి, తర్వాత బొమ్మని చూసి నవ్వేది. బళ్ళో హెడ్మాస్టరుగా గొంతు సవరించుకుంటేనే పిల్లలు వణికే మనిషి, అక్కడ నాకంటే చిన్నపిల్లాడైపోయేవారు.

తర్వాత నేనూ అదే ఊళ్ళో టీచర్నయ్యాను. రెండు వీధుల అవతల నా కాపురం. సీడీ ప్లేయర్లు ఊరూరా వచ్చిన రోజుల్లో ఒకటి కొని అమ్మావాళ్ళింట్లో పెట్టాను. అప్పటి నవ్వు బొమ్మలన్నీ షాపులో అద్దెకి దొరికేవి. ఆదివారం గుడి నుంచి, అంటే మా చర్చి నుంచి వచ్చి, చేపల పులుసుతో భోంచేసి, ముగ్గురం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. నాన్నగారు మళ్ళీ అలా నవ్వితే చూడాలన్నదొక్కటే నా ఆశ.

ఎందుకంటే రిటైరయ్యాక ఆయన మాకు దూరమైపోతున్నారు. ఇంట్లోనే ఉంటారు గానీ మాలో ఉండరు. ఎవరైనా కబుర్లు మొదలుపెడితే పేపరు మొహానికి అడ్డం పెట్టేసుకుంటారు. గుళ్ళో ఇన్నేళ్ళూ గుమ్మం పక్కన వెనక బల్ల మీద కూర్చున్న మనిషి, ఉన్నట్టుండి మొదటి బల్లకి మారారు. భక్తి పెరిగిందని అమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం ఆయన "ఆయ్" వింటే ఒళ్ళు మండేది. మా వైపు ఆయ్ అంటే ఔనని, సరేనని, విన్నానని, అన్నీను.

"నాన్నగారూ, అన్నం ఇప్పుడు పెట్టమంటారా, కాసేపాగమంటారా?"

"ఆయ్."

"ఆయ్ ఏవిటండీ? ఇప్పుడా, తర్వాతా?"

"ఆయ్, ఆయ్."

"మీతో కంటే ఆ గోడతో మాట్లాడుకోవడం నయం!" అని గిన్నె ఠపీమని కింద పెట్టేదాన్ని. నా కోపం సంగతి ఊరందరికీ తెలుసు. బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను.

సీడీలూ పని చెయ్యలేదు. ఒకప్పుడు అందరికంటే ముందు నవ్విన బొమ్మలకి ఇప్పుడు మేం నవ్వాక నవ్వుతున్నారు. అదీ టీవీ వైపు కాదు, మా మొహాల వైపు చూసి. నన్ను నొప్పించలేక మొహమాటానికి నవ్వుతున్నారనుకుని మనసు చివుక్కుమంది.

ఒక ఆదివారం తెలుగువన్నీ బయటికెళ్ళిపోయాయని షాపాయన ఏదో విదేశీ పాత బొమ్మ అంటగట్టాడు. నలుపూ తెలుపూ. గోడలకి రంగులేసేవాడొకడు పొడుగాటి నిచ్చెన భుజాన పెట్టుకుని బజార్లో నడుస్తున్నాడు. వెనక పియానో మోగుతోంది, మనుషుల పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు.

"మ్యూజిక్కొస్తోంది గానీ మాటలు రావట్లేదే. ఎర్ర వైరు ఊడిందేమో చూడు," అంది అమ్మ.

ఎర్ర వైరు ఊడితే సగం శబ్దం పోవడం మా ఇంట్లో మామూలే. నేను టీవీ వెనక్కి దూరి శబ్దం వైర్లు రెండూ పీకి, అటుదిటూ ఇటుదటూ మారుస్తున్నాను.

"ఇప్పుడొచ్చిందా?"

"లేదే. ఉన్న మ్యూజిక్కూ పోయింది."

అప్పుడు వినిపించింది నవ్వు. తల పైకెత్తి చూశాను. నాన్నగారు కుర్చీ అంచుకి జరిగి, తెర వైపు వేలు చూపిస్తూ, "వెనక్కి తిరుగుతాడు చూడండి, ఇప్పుడు తిరిగేస్తాడు!" అంటూ ఊగిపోతున్నారు. వాడింకా తిరగలేదు. తర్వాత తిరిగాడు, నిచ్చెన కొస తగిలి ఒక పోలీసు కుండల దుకాణంలో వెల్లకిలా పడ్డాడు. అమ్మ ఇంకా వైరు గురించే సణుగుతోంది. టీవీలో శబ్దం పోయిందని ఆ గదిలో తెలియని మనిషి ఆయనొక్కరే.

వైర్లు చేతిలోనే ఉండిపోయాయి. ఆ మొదటి బల్ల ఎందుకో, మా మొహాలు చూసి నవ్వడమెందుకో అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

వైర్లు మళ్ళీ పెట్టలేదు. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. శబ్దం లేకుండానే బొమ్మ అంతా చూశాం, ముగ్గురం ఒకేసారి నవ్వుకుంటూ. నాకు ఎంత సంతోషంగా ఉందో అంత ఏడుపూ వచ్చింది. అయ్యాక పేపరు అంచు మీద రాశాను: "ఎప్పట్నించి నాన్నగారూ?"

కళ్ళజోడు సర్దుకుని చదివారు. పెన్ను అందుకుని "ఎప్పటి నుంచి" అని దిద్దారు. తర్వాత, "రెండేళ్ళు దాటిందమ్మా," అన్నారు.

"మరి చెప్పలేదేం?" అని రాశాను.

"చెప్దావనే అనుకున్నానమ్మా. కానీ నువ్వు కోప్పడినప్పుడు మాత్రం ప్రతి ముక్కా బాగానే వినపడేది. అందుకని పెద్ద ఇబ్బందనిపించలేదు," అని నవ్వేశారు.

రెండేళ్ళుగా ఆయన చెవిన పడ్డ నా మాటలన్నీ కోపంలో అన్నవే.

మర్నాడు బడికి సెలవు పెట్టి అమలాపురంలో చెవి డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను. బస్సులో ఆయన చెవికి నోరు ఆనించి, ఆయన నవ్వంటే నాకెంత ఇష్టమో గొంతెత్తి అరిచి మరీ చెప్పాను. బస్సంతా విన్నది.