మిషన్ కూయని చోటు

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మిషన్ మొదటిసారి కూసింది. మా అన్న వంగి, చిన్న పారతో జానెడు లోతు తవ్వి, తుప్పుపట్టిన సోడా మూత ఒకటి బయటికి తీశాడు. దాన్ని నా అరచేతిలో పెట్టి, "ముత్తాత ఆస్తిలో నీ భాగం ఇదేరా తమ్ముడా. రేపు పంచలేదనబాక" అన్నాడు. నేను నవ్వాను. నా భార్య నవ్వలేదు. ఆమె మిషన్ వైపే చూస్తూ ఉంది.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. వాకాడు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కాలువ గట్టు మీద మా ముత్తాత కట్టిన ఇల్లు ఉండేది. దాని పక్కన తెల్లదొరల కాలంలో ఉప్పు కొటారు ఉండేదట. కయ్యల్లో పండిన ఉప్పును కొటారులో పోసి, అక్కణ్ణుంచి పడవల మీద మద్రాసుకు పంపేవారు. ముత్తాత ఆ కొటారుకు కాపలాదారుగా చేరి, తర్వాత ఉప్పు మోయించే కాంట్రాక్టు సంపాదించాడు. మోసేవాళ్ళకు రోజుకూలి మా ముంగిట్లోనే రాగి నాణేలతో ఇచ్చేవారు. అందుకేనేమో, నా చిన్నతనంలో గట్టి వాన కురిసిన మర్నాడు ఆ ఇంటి చుట్టూ జనం తలలు వంచుకుని తిరిగేవాళ్ళు. మన్ను కొట్టుకుపోయిన చోట పచ్చగా చిలుమెక్కిన కానులూ అర్ధణాలూ పైకి తేలేవి. వాన లేని రోజుల్లో కూడా కొందరు ఇనుప చువ్వలతో నేలను పొడిచి చూసేవారు. మేమూ పొడిచేవాళ్ళమే కాబట్టి ఎవరినీ వద్దనలేదు.

తుఫాన్లకు ఆ ఇల్లు పడిపోయి చాలా ఏళ్ళైంది. నాలుగేళ్ళ కిందట అన్న ఆ స్థలాన్ని రొయ్యల గుంటలకు లీజుకిచ్చాడు. జేసీబీ వచ్చేలోపల నేలలో మిగిలిందేదో తీసేసుకోవాలని, ఫోన్‌లో వీడియోలు చూసి మెటల్ డిటెక్టర్ తెప్పించాడు. సంగతి పోలీసులకు తెలిస్తే దొరికిందీ పోతుంది, మిషనూ పోతుంది, నోరు మూసుకుని వచ్చి చూడమని నాకు ఫోన్ చేశాడు. నాణేల మీద నాకు ఆశ లేదు. వెళ్దామని పట్టుబట్టింది నా భార్య.

ఆ ఇంటి దొడ్డిలో మా మొదటి బిడ్డను పూడ్చాము. ఆడపిల్ల. నాలుగు నెలలు దాటి కొన్ని రోజులు బతికింది. జ్వరం రెండే రోజులు. పళ్ళు రాని పిల్లలను మాలో కాల్చరు, సొంత నేలలో పూడ్చిపెడతారు. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదు కాబట్టి ఆ చోటు నా భార్యకు తెలియదు. దొడ్డిగోడ పక్కన అని మాత్రం విన్నది. నాకైనా అంతకంటే ఎక్కువ గుర్తు లేదు. గుర్తుకని రాయి కూడా పెట్టలేదు. తర్వాత ఆ గోడ కూలింది, సర్కారు తుమ్మ మొలిచింది.

జేసీబీ సంగతి విన్న రోజు ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, మిషన్ వెండిని పట్టుకుంటుందా అని అడిగింది. పట్టుకుంటుందని చెప్పాను. "అయితే పాప ఉండే చోటు తెలుస్తాది. పిడికెడు మన్ను తెచ్చుకుందాం" అంది.

బిడ్డ నడుముకు వెండి మొలతాడు ఉండేది. నా భార్య తల్లి తన కాళ్ళ పట్టీలు కరిగించి చేయించింది. బిడ్డ పోయిన రోజు స్నానం చేయించేవాళ్ళు దాన్ని తీయబోతే నా భార్య పట్టుకుని వదల్లేదు. అమ్మమ్మ సొమ్ము ఒక్కటైనా దాంతో పోనివ్వమని అడిగింది. మా అమ్మ అందరి ముందూ సరేనంది.

దొడ్డిలోకి వెళ్ళింది ముగ్గురం. పెదనాన్న, అన్న, నేను. అన్న గుంత తవ్వాడు. పెదనాన్న గుడ్డ పక్కకు తీసి చూసి, వెండి ఉంచి పూడిస్తే తెల్లారేసరికి ఎవరో బిడ్డను తవ్వి గట్టున పారేస్తారన్నాడు. ఈ నేలను పొడవనివాడు ఊళ్ళో ఎవడున్నాడని అడిగాడు. ఆయన అన్నది తప్పు కాదు. తీయమన్నాడు, నేను తీశాను. కొక్కెం బిగుసుకుని ఉంది, వేళ్ళకు లొంగలేదు. చివరికి వంగి పంటితో కొరికి విప్పాను. బిడ్డ పొట్ట నా బుగ్గకు తగిలింది. మొలతాడును ఇంట్లో మా అమ్మ చేతికిచ్చాను. ఆమె ఏమీ అడగకుండా కొంగున ముడేసుకుంది.

ఆ సాయంత్రం నా భార్య గోడ వైపు తిరిగి పడుకుని, "మొలతాడు ఉంచినారా?" అని అడిగింది.

"ఉంచినాము" అన్నాను.

నాలుగు రోజులు పోయాక నిజం చెప్పవచ్చు అనుకున్నాను. ఆ నాలుగు రోజుల్లోనే ఆమె ఆ మాట మీద నిలబడటం మొదలుపెట్టింది. ఎవరైనా బిడ్డ ఊసెత్తితే, "అది ఒంటరిగా లేదులే. అమ్మమ్మ సొమ్ము దానికాడే ఉండాది" అనేది. నేను పక్కనే ఉండి వినేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు విన్నాను.

బిడ్డ పోయిన మూడేళ్ళకు మాకు కొడుకు పుట్టాడు. వాడి బారసాలకు మా అమ్మ కొత్త మొలతాడు తెచ్చింది. పాతదాన్ని కరిగించి, కొంచెం వెండి కలిపి లావుగా చేయించినట్టు నాకొక్కడికే చెప్పింది. ఇంట్లో వెండి ఇంట్లోనే ఉండాలి కదా అంది. అవునన్నాను. నేను పిల్లవాణ్ణి ఎత్తి పట్టుకుంటే నా భార్య దాన్ని వాడి నడుముకు కట్టింది. అత్తగారి చెయ్యి పెద్దదని మురిసిపోయింది కూడా.

అన్న ఫోన్ చేసిన రోజుకూ మేము బయల్దేరిన రోజుకూ మధ్య పది రోజులు. చెప్పడానికి ఆ వ్యవధి చాలు. చెప్పడానికి బదులు నేను నెల్లూరులో ఒక వెండి కొట్టుకు వెళ్ళి చంటిపిల్లల మొలతాళ్ళు చూపించమన్నాను. ముందే తీసుకెళ్ళి గోడ పక్కన పూడ్చాలని ఆలోచన. చేతిలోకి తీసుకుంటే అవి తళతళలాడాయి. ముప్పై నాలుగేళ్ళ నలుపు వాటికి పది రోజుల్లో రాదు. తిరిగిచ్చేశాను. తర్వాత ఉప్పునేల వెండిని తినేస్తుందేమోనని పుస్తకాలు తిరగేశాను. నల్లబడుతుంది, పైన పొలుసు కడుతుంది, మాయం మాత్రం కాదని రాసి ఉంది. ఆ పుస్తకాలు ఆమె చదవదు కదా అనుకున్నాను. ఉప్పు తినేసిందని చెప్పడానికి సిద్ధపడి బస్సెక్కాను.

అన్నకు ఫోన్ చేసి నోరు జారవద్దని చెప్పి ఉండవచ్చు. అలా చెప్పాలంటే ముందు నేను అబద్ధమాడానని ఆయన దగ్గర ఒప్పుకోవాలి. ఆయన ముప్పై నాలుగేళ్ళ కిందటి సంగతి మరచిపోయి ఉంటాడనుకున్నాను.

సోడా మూత తర్వాత మేకులు దొరికాయి. తర్వాత వలకు కట్టే సీసపు గుండ్లు, తలుపు బందు ముక్క, ఒక అర్ధణా. ఇనుముకు మిషన్ గొంతు బొంగురుగా ఉంటుంది, రాగికీ వెండికీ సన్నగా ఉంటుందని అన్న నా భార్యకు నేర్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. కాలువ వైపు తడి ఉన్నచోట ఏమీ లేకపోయినా అది కూస్తూనే ఉంది. ఉప్పు తడికి అంతేనని, దాని మాట నమ్మకూడదని కూడా చెప్పాడు.

పదిన్నర ప్రాంతంలో ముంగిలి ఉండిన చోట సన్నటి కూత వచ్చింది. మోచేతి లోతున నల్లటి బిళ్ళ దొరికింది. అన్న దానిమీద ఉమ్మి, బొటనవేలితో రుద్దాడు. రాజు తల కనబడింది. వెండి అర్ధరూపాయి. "చూడమ్మా, నూరేళ్ళు ఉప్పులో నానినా వెండి వెండే" అని నా భార్యకు చూపించాడు. ఆమె దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగిచ్చింది. నేను బస్సులో సిద్ధం చేసుకున్న మాట అక్కడితో పనికిరాకుండా పోయింది.

అప్పుడే ఆమె, దొడ్డిగోడ పక్కన ఒకసారి పెట్టి చూడమని ఆయన్ను అడిగింది. ఎందుకో చెప్పలేదు. బిడ్డ పేరెత్తితే నాణేలు వెతికే మనిషి చిరాకు పడతాడనుకుని ఉంటుంది. అన్నకు ఉత్సాహం వచ్చింది. ముత్తాత అక్కడేమన్నా దాచినట్టు మీ అత్త చెప్పిందా అని ఆరా తీశాడు. ఆమె, చూడండి బావగారూ అని మాత్రం అంది.

గోడ కూలినా పునాది వరస కనిపిస్తూనే ఉంది. ఆయన తుమ్మకొమ్మలు కొట్టి దారి చేసుకుని, మిషన్‌ను నేలకు బెత్తెడు ఎత్తులో అటూ ఇటూ ఊపుతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఆమె పక్కనే నడిచింది. మిషన్ కూయలేదు. ఇంకొంచెం ఇవతలగా అంది. ఇవతలగా నడిచాడు. గోడకు అవతల కూడా చూడమంది. చూశాడు. మేకుకు, సీసానికి, ఉట్టి తడికి కూడా కూసిన మిషన్ అక్కడ పొరపాటునైనా కూయలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆమె చేతిలో మన్ను కోసం తెచ్చిన తెల్లగుడ్డ ఉంది.

నేను తాటిచెట్టు నీడలో నిలబడి ఉన్నాను. అప్పుడైనా రెండడుగులు వేసి చెప్పవచ్చు. వేయలేదు.

మూడోసారి కూడా అయ్యాక, మిషన్ పని చేస్తున్నదా అని ఆమె అడిగింది. అన్న అర్ధరూపాయి నేలమీద పడేసి మిషన్ దాని మీద తిప్పాడు. కూసింది. "నా మిషన్‌కు చెవుడు లేదమ్మా" అన్నాడు. "అసలు ఏం దొరకాలని?"

"పాప మొలతాడు" అంది ఆమె. "అది దొరికితే చోటు తెలుస్తాది గదా బావగారూ."

నేను అన్నకు తల అడ్డంగా ఊపి సైగ చేశాను. ఆయన చూశాడో లేదో ఇప్పటికీ తెలియదు. నవ్వాడు. తెలియనిపిల్ల మాటకు నవ్వినట్టు నవ్వాడు.

"అది ఈడెందుకు ఉంటాదమ్మా? ఆ పొద్దే నీ మొగుడు పంటితో కొరికి తీసినాడు గదా. నేను గుంతలో నిలబడి చూస్తానే ఉన్నా." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏరా, చెప్పలేదా? ఇన్నేళ్ళూ?"

ఆమె తలెత్తి నన్ను అడిగింది.

"పిల్లోడికి కట్టింది అదేనా?"

"అమ్మ కరిగించింది" అన్నాను.

అది నిజమే. ముప్పై నాలుగేళ్ళ తర్వాత నా నోటి నుంచి వచ్చిన మొదటి నిజాన్ని చనిపోయిన మా అమ్మ మీదికి తోశాను.

"నేనే కట్టినాను" అంది ఆమె.

అన్నకు సంగతి అర్థమైంది. సర్దిచెప్పబోయాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా మంచికే తీశామన్నాడు. ఆ మాట సరిపోలేదనిపించిందేమో, నేలమీది అర్ధరూపాయి తీసి పంచెకు తుడిచి, "ఇది తీసుకోమ్మా. ఇదీ వెండే గదా" అని చెయ్యి చాపాడు. ఆమె, మీకే ఉండనీండి బావగారూ అంది. మన్నైనా తీసుకుందామా అని నేను అడిగాను. ఏ మన్ను అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా తెల్లగుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. మేము రోడ్డెక్కి ఆటో కోసం నిలబడినప్పుడు వెనక మిషన్ మళ్ళీ సన్నగా కూయడం వినబడింది. అన్న తవ్వుతున్నాడు.

నెల్లూరు బస్సులో పెదనాన్న ఏమన్నాడో, ఎందుకన్నాడో మొత్తం చెప్పాను. ఆమె కిటికీలోంచి చూస్తూ విన్నది. ఆయన చెప్పింది సరైందేనంది. "తీసినందుకు కాదు" అని ఆగిపోయింది. ఇంటికొచ్చి అన్నం వండింది, నాకు వడ్డించింది. నాకు నచ్చే చింతకాయ పచ్చడి కూడా వేసింది. కొట్లాడుతుందని చాలా రోజులు ఎదురుచూశాను. కొట్లాడితే బాగుండునని కూడా అనుకున్నాను. కొడుక్కి ఆ సంగతి ఆమె చెప్పలేదు. నేను చెప్పలేదు. వాడు కొడవలూరు దగ్గర రైస్ మిల్లులో పని చేస్తూ, ఆదివారాలు వచ్చి, మామూలుగా తిని వెళ్ళేవాడు.

మారింది ఒకటే. అంతకుముందు ఆమె ఏదైనా నన్ను అడిగి, నా మాట విని, ఆ సంగతి వదిలేసేది. గ్యాస్ కట్టేసినారా అనేది. కట్టేశానంటే పడుకునేది. ఆ రోజు తర్వాత అడగడం మానేసి తనే లేచి వెళ్ళి చూసేది. నేను కట్టేసినట్టు తన కళ్ళతో చూసి ఉన్నా, వెళ్ళి చూసేది. కరెంటు బిల్లు కట్టానని నేనంతట నేనే చెబితే తల ఊపేది, మర్నాడు పక్కింటి అమ్మాయి చేత ఫోన్‌లో చూపించుకునేది. నేను తెచ్చిన మాత్రలను మళ్ళీ మందుల షాపుకు తీసుకెళ్ళి, ఇవేనా అని కనుక్కునేది. కోపంగా చేసేది కాదు. గుమ్మంలో కాళ్ళు కడుక్కున్నంత మామూలుగా చేసేది.

పోయిన ఏడు వేసవిలో ఆమెను నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చాము. రెండో రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, క్యాన్సర్ కాలేయంలోకి పాకిందనీ, ఇక ఇంటికి తీసుకెళ్ళడమే మంచిదనీ చెప్పాడు. కాసేపు బయట బల్ల మీద కూర్చున్నాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నిర్ణయించుకుని లోపలికి వెళ్ళాను. మాటలు కూడా తయారు చేసుకున్నాను. ఆమె నన్ను చూసింది. నా మొహంలో ఏముందో అది కూడా చూసే ఉంటుంది. తర్వాత అటు తిరిగి, సెలైన్ మారుస్తున్న నర్సును, డాక్టరు ఏమన్నాడమ్మా అని అడిగింది. నర్సు నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. "మా పిల్లోడు వస్తాడులేమ్మా, వాణ్ణి అడుగుతాను" అని నా భార్య నర్సుతో చెప్పి కళ్ళు మూసుకుంది.

సాయంత్రం కొడుకు వచ్చాడు. వాణ్ణి అడిగింది. వాడు ఏడుస్తూ చెప్పాడు. ఆమె వాడి తల నిమిరి, ఇంటికి పోదాం అంది.

ఇంట్లో నలభై రోజులు ఉంది. నీళ్ళు నేనే తాగించాను, పక్క నేనే మార్చాను. వద్దనలేదు. కానీ ఆ నలభై రోజుల్లోనూ, అంతకుముందు మూడేళ్ళలోనూ, ఆమె నన్ను ఏ సంగతీ అడగలేదు.