బాబాయి దిద్దని తప్పు

ఒక ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, అందులో ఏం మారిందో చెప్పే విడుదల పత్రంలోని చిన్న చిన్న తప్పులను మా బాబాయి పైసా తీసుకోకుండా దిద్ది, ఆ భాషను తయారుచేసేవాళ్లకు పంపేవాడు. బదులుగా బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి వచ్చేది. ఆ మహానుభావులు ప్రతిసారీ పాత పత్రాన్నే కాపీ కొట్టడం వల్ల, పనిచేయని లింకులు, పాత వెర్షన్ నంబర్లు మళ్లీ తయారయ్యేవి. విసిగిపోయి ఒకసారి వాళ్లు కాపీ కొట్టే మూలప్రతినే శుభ్రం చేసి పంపాడు.

తర్వాతి పత్రం ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఆ ఘనతంతా తమ కొత్త సాఫ్ట్‌వేర్‌దేనని చివర్లో రాసుకున్నారు.

పిన్నికి ఒళ్లు మండింది. "కళ్లు పాడుచేసుకుంది మీరు. ఇది కూడా తప్పేగా, దిద్ది పంపండి."

బాబాయి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పెద్ద తప్పే. నా దగ్గర వాళ్లు చిన్నవే తీసుకుంటారు."