గుర్వమ్మ చూసిన బొమ్మల సినిమా

గుర్వమ్మ సినిమాకు పోయిందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. అందులోనూ జంతువులు మాట్లాడే బొమ్మల సినిమాకు! ఆమెకు అరవై దాటాయి. కేతేపల్లి దగ్గరి మా ఊళ్లో గొర్లు కాసుకునే మనిషి. భర్త గోపయ్య పోయినప్పుడు మరుదులు వచ్చి, ఆడదానికి మంద ఎందుకు, అమ్మేద్దాం అన్నారు. దినాలు అయిన మర్నాడే ఆమె గోపయ్య గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని మందను తోలుకుపోయింది. "నేను ఆడదాన్నో మొగోన్నో నా గొర్లకు ఎర్కలేదు. మీకే లేనిపోని ఫికర్" అందట. ఆ మాట ఇప్పటికీ మా వాడలో ఆడవాళ్లు చెప్పుకుని నవ్వుతారు.

ఆ గుర్వమ్మ పెంచిన పిల్ల అనూహ్య. కొడుకు పరమేష్, కోడలు స్నేహలత నకిరేకల్ మిల్లులో పనికి పొద్దున్నే పోయి పొద్దుగూకాక వస్తారు. పిల్ల అవ్వ దగ్గరే పెరిగింది కాబట్టి అవ్వ మాటే పిల్ల మాట. నేను లెక్కలు చెప్పే ప్రైవేటు బడిలోనే ఐదో తరగతి. గలగలమనే పిల్ల. పక్కింట్లో, గోడ అవతల అది ఒక్కతే ఉన్నా మా ఇంటికి ఇల్లంతా చుట్టాలు వచ్చినట్టు వినిపించేది.

మా బడివాళ్లు పిల్లలను నకిరేకల్‌లో ఆ బొమ్మల సినిమాకు తీసుకుపోయారు. అందులో సింహం, జింక, నెమలి పుస్తకంలో రాసినట్టు మాట్లాడతాయి. తెలివితక్కువ మేక ఒకటి మాత్రం మా ఊరి యాసలో మాట్లాడుతుంది. అది నోరు తెరిస్తే చాలు, హాలంతా నవ్వాలి. మర్నాటి నుంచి అనూహ్య తరగతిలో లేచి ఏం చెప్పబోయినా పిల్లలు "మే..." అనడం మొదలుపెట్టారు. తెలుగు చెప్పే కృష్ణకాంత్ సార్ వాళ్లను కసిరాడు, కాదనను. కానీ ఆ వెంటనే అనూహ్యను పిలిచి, "నువ్వు కూడా కొంచెం మంచి భాష నేర్చుకోవాలమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయనదీ మా వైపే, తిరుమలగిరి. ఇంటికి ఫోన్ చేస్తే "అవ్వా, తిన్నవా? బాపు ఏం జేస్తుండు?" అంటాడు. బడి గేటు దాటగానే నాలుకకు ఇస్త్రీ చేసుకుంటాడు.

అనూహ్య మాట్లాడటం మానేసింది. బడిలోనే కాదు, ఇంట్లో కూడా. అన్నం కావాలా అంటే తల ఊపడం, వద్దా అంటే తల ఊపడం. గోడ అవతలి చప్పుడు ఆగిపోయేసరికి నాకే ఏదోలా ఉండేది. బడిలో జరిగిన మేక సంగతి నేనే వాళ్లకు చెప్పాను. స్నేహలతకు భయం పట్టుకుంది. ఒకరోజు అన్నాల దగ్గర, "అత్తమ్మా, పిల్ల ముంగట జర మంచిగ మాట్లాడు" అంది.

గుర్వమ్మ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "నా మాటకేం రోగమొచ్చిందే? దవాఖానకు తీస్కపోతవా?"

అన్నం వదిలేసి నేరుగా మా ఇంటికి వచ్చింది. "మనీషా, గా సిన్మా ఇంక ఆడుతాందా?"

"ఆడుతాందవ్వా. ఐతారం దాంక ఉంటదట."

"నడువు మరి. గా మేక ఎవ్వతో నేను జూడాలె."

ఆదివారం మందను దాయాది ఎల్లేశానికి అప్పజెప్పి, గొంగడి, కర్రతో సహా బస్సెక్కింది. పక్కన అనూహ్య ముడుచుకుని కూర్చుంది. హాలు గేటు దగ్గర ఉన్నతను కర్ర బయట పెట్టమన్నాడు. "మెట్ల మీద వడితె నువ్వెత్తుకొని తిరుగుతవా నన్ను?" అంది గుర్వమ్మ. అతను ఆమెనొకసారి, కర్రనొకసారి చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె వచ్చింది కొట్లాటకే. కానీ బొమ్మ పడ్డాక కాసేపటికే పడీపడీ నవ్వింది. నెమలి నీళ్లలో మొహం చూసుకుని మురిసిపోతే నవ్వింది. కోతి తోక కొమ్మకు చిక్కితే నవ్వింది. ఎలుగుబంటిని చూపించి, "అరె, అచ్చం మన వాడ నర్సింగమ్మ లెక్కనే నడుస్తాంది సూడు" అని నన్ను మోచేత్తో పొడిచింది. అనూహ్య మాత్రం పెదవి బిగబట్టుకుని కూర్చుంది.

అప్పుడు మేక వచ్చింది. జంతువులన్నీ గుట్ట ఎక్కుతుంటే అది అందరికంటే వెనక పడిపోయి, "అయ్యయ్యో, నేనెట్ల ఎక్కాలె? నాకు తొవ్వ ఎర్కలే" అని ఏడ్చింది. హాలు గొల్లుమంది. గుర్వమ్మ నవ్వు ఆగిపోయింది.

మా దగ్గర గొర్ల మందలో కొన్ని మేకలను కలిపి తోలుతారు. గొర్రె తల వంచుకుని ముందున్నదాని వెంట పోతుంది. మేక తలెత్తి దారి చూస్తుంది. వాగొచ్చినా గుట్టొచ్చినా మొదట కాలు పెట్టేది అదే. జీవితమంతా ఆ మేకల వెంట నడిచిన మనిషికి అది బొమ్మ అన్న సంగతి గుర్తులేకుండా పోయింది.

"మేక ఎనకుంటదా? ఎవడు జెప్పిండ్రా మీకు?" అంటూ లేచి నిలబడింది. తెర మీద తోడేలు పొదలోంచి తల బయటపెట్టింది. గుర్వమ్మ కర్రతో నేల మీద కొట్టి, నాలుక మడిచి, మందను తోలే కేక వేసింది. "ట్ర్ర్ర్ర్... హోయ్! హోయ్! ముంగటికి నడువు బిడ్డా!"

నవ్వులతో హాలు దద్దరిల్లింది. ఇంట్లోవాళ్లతో మళ్లీ చూడవచ్చిన అక్షిత అనే పిల్ల, అనూహ్య తరగతిదే, వెనక్కి తిరిగి "మే..." అంది. ఇంకొన్ని గొంతులు కలిశాయి. వెనక నుంచి ఎవరో మగమనిషి, "ఓ అవ్వా, కూసో! గా మేక నీదా ఏంది?" అని అరిచాడు.

నేను కొంగు పట్టి లాగాను. ఆమె విదిలించుకుంది.

"నాదే! మేక నాది, అది మాట్లాడే మాట నాది. మీ ఇండ్లల్ల మీ అవ్వలు ఏం మాట మాట్లాడుతరు? మొగులు మీదికెల్లి ఊడివడ్డరా మీరంత? మేక బురదల వడితె నవ్వుండ్రి, నేను గూడ నవ్వుత. నోరు దెరిస్తె నవ్వుడేంది?"

నవ్వినవాళ్లంతా ఆ మాట తాగి పెరిగినవాళ్లే. ఎవరో మెల్లగా, "అవ్వా, బొమ్మ కనవడ్తలేదు" అన్నారు. గుర్వమ్మ కూర్చుంది.

"అందరు నన్నే జూస్తున్నరు" అని అనూహ్య గొణిగింది. ఎన్నాళ్లకో విన్న మాట అది.

"చూడనీ. మనమేమన్న ఎవల గొర్రెనన్న ఎత్కపోయినమా?"

ఆ సాయంత్రం గొర్ల దొడ్డి దగ్గర చుట్టుపక్కలవాళ్లకు గుర్వమ్మ సినిమా కథ మొదలుపెట్టింది. అడవి నరకడానికి మనుషులొస్తే సింహం ఎదురు తిరిగే చోట, "గీ అడివి మా తాతలది, ఎవడ్రా మీరు?" అని సింహమై గర్జించింది. అనూహ్య ఉండబట్టలేక, "సింహం గట్లనలే అవ్వా" అంది.

"మరెట్లన్నది?"

"‘ఈ అరణ్యము మా పూర్వీకులది’ అన్నది."

ఎల్లేశం పగలబడి నవ్వాడు. "గది సింహమా, పంతులా?" దొడ్డి దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. అనూహ్య కూడా నవ్వింది. గుర్వమ్మ మాత్రం నవ్వలేదు. "నా కతల సింహం నా లెక్కనే మాట్లాడుతది. ఇష్టమున్నోళ్లు ఇనుండ్రి" అని మళ్లీ గర్జించింది.

సోమవారం కృష్ణకాంత్ సార్ పిల్లలను సెలవు రోజు ఏం చేశారో చెప్పమన్నాడు. వాళ్ల తరగతికీ మా తరగతికీ మధ్య రేకు గోడ, అంతా వినబడుతుంది. అనూహ్య పేరు పిలిచాడు. నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఎవరో "మే" అన్నారు. పిల్ల కూర్చుంది కాబోలు అనుకున్నాను.

"మా అవ్వతోని సిన్మాకు పోయిన సార్" అంది అనూహ్య. మొదట గొంతు సన్నగా ఉంది. కథ నడిచేకొద్దీ సర్దుకుంది. అడవి దగ్గరికి వచ్చేసరికి పెద్దదైంది. "గప్పుడు సింహం మర్లవడ్డది సార్! ‘ఎవడ్రా గీడికొచ్చింది? గీ అడివి మా తాతలది. ఒక్క చెట్టు మీద చెయ్యేసి చూడుండ్రి ఇగ!’ అన్నది."

పిల్లలు నవ్వారు. సార్ గొంతు సవరించుకున్నాడు. "సింహం అలా మాట్లాడలేదు కదమ్మా."

"నేను చెప్పేటప్పుడు గట్లనే మాట్లాడుతది సార్. మీరు చెప్పేటప్పుడు మీ ఇష్టం."