మూడు రాహుకాలాలు దాటి ఉబి నుంచి పుంగ్గోల్ దాకా

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు రాయడం నా వల్ల కాదు. దోమ కుడితే ఐసీయూ దాకా వెళ్లొచ్చానని చెప్పే రకం. కాబట్టి ఇందులో కనిపించే ప్రతి లారీనీ సగానికి తగ్గించి, నా ధైర్యాన్ని పావు వంతుకి దించుకుని చదవండి. దారీ, రైళ్లూ, బండి ఎంపిక సంగతీ మాత్రం నిజమే. తల నెరిశాక మొదటి మోటార్‌సైకిలు కొనాలనుకునే వాళ్లెవరైనా ఉంటే పనికొస్తాయి.

ఈ ద్వీప దేశంలో మా ఫ్లాటు ఈశాన్య కొసన పుంగ్గోల్‌లో. ఆఫీసు చాంగీ బిజినెస్ పార్క్‌లో. మ్యాపులో చూస్తే రెండింటికీ మధ్య చిటికెన వేలంత దూరం. రైలు మాత్రం నన్ను ఊరి నడిమధ్యకి లాక్కెళ్లి, దింపి, ఎక్కించి, మళ్లీ దింపి, ద్వీపమంతా చూపించి ఆఫీసు పక్కన ఎక్స్‌పో స్టేషన్లో వదులుతుంది. ఇంట్లో గీసుకున్న గడ్డం ఆఫీసు చేరేసరికి మళ్లీ మొలుస్తుంది. బైకు మీదయితే ఇరవై నిమిషాలే అని ఆఫీసులో అందరూ ఊరించారు. దాంతో డ్రైవింగ్ స్కూల్లో చేరి మూడో ప్రయత్నంలో లైసెన్సు సంపాదించాను. నా అవస్థ చూడలేక ఇచ్చేసి ఉంటారని మా ఆవిడ సుజాత అనుమానం.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి కొత్త హెల్మెట్టు చంకలో పెట్టుకుని బయల్దేరాను. సుజాత తలుపు దగ్గర షరతు పెట్టింది.

"బండి మీరే నడుపుకుంటూ ఇంటికి రావాలి. అది అక్కడే వదిలేసి మీరు రైల్లో వచ్చారో, ఈ ఇంట్లో బైకు మాట ఇంకెప్పుడూ ఎత్తకూడదు."

లోపల్నుంచి మా అమ్మాయి గొంతు ఇక్కడి ఇంగ్లీషు యాసలో వినిపించింది. "డాడీ, జస్ట్ టేక్ ద ట్రెయిన్ లా."

ఎల్‌ఆర్‌టీ అనే చిన్న రైల్లో పుంగ్గోల్ స్టేషనుకి, అక్కణ్నుంచి సెరంగూన్‌కి, అక్కడ మారి మాక్‌ఫెర్సన్‌కి, మళ్లీ మారి ఒక్క స్టాపు వెళ్తే ఉబి. సెకండ్‌హ్యాండ్ బండ్ల దుకాణాలు అక్కడ వరసగా ఉంటాయి. రైల్లో పక్కన కూర్చున్న తమిళ పెద్దాయన నా ఒళ్లో హెల్మెట్టు చూసి ఇంగ్లీషులో అడిగాడు.

"బండి ఎక్కడ పెట్టారు?"

"ఇంకా కొనలేదండీ. కొనడానికే వెళ్తున్నాను."

"మా తమ్ముడూ ఇంతే. ముందు ఈత కళ్లద్దాలు కొన్నాడు. ఇప్పటికీ ఈత రాదు" అని పేపర్లో తల దూర్చేశాడు.

ఉబి స్టేషన్ బయట మా బావమరిది రమణ నిలబడి ఉన్నాడు. సైన్స్ పార్క్‌లో పరిశోధన చేస్తాడు. బెజవాడలో కాలేజీ రోజుల్లో బుల్లెట్టు నడిపానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ అర్హతతో మా చుట్టాల్లో ఎవరు బండి కొన్నా వీడు ఉండాల్సిందే. షరతు సంగతి చెప్పగానే వాడి మొహం పాలిపోయింది. "అక్క అన్నదంటే అన్నదే బావా" అన్నాడు.

జేబులోంచి రెండు నిమ్మకాయలూ, ఫోన్లోంచి పంచాంగమూ తీశాడు. "శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. అది దాటాకే డబ్బు కట్టాలి."

"సూర్యోదయాన్ని బట్టి కదరా రాహుకాలం. ఇక్కడ ఏడింటికి గానీ తెల్లారదు. లెక్క ప్రకారం పది నుంచి పదకొండున్నర" అన్నాను, తెలివి ప్రదర్శిద్దామని. అదే నేను చేసిన తప్పు.

రమణ ఆలోచనలో పడ్డాడు. "మరి మీది ఇండియా జాతకం కదా బావా. ఇండియా టైము తీసుకుంటే ఇక్కడ పదకొండున్నర నుంచి ఒంటిగంట." కాసేపు ఆకాశం చూసి తీర్పు చెప్పాడు. "ఎందుకొచ్చిన గొడవ, మూడూ వదిలేద్దాం."

అలా ఒంటిగంట దాకా, బండి ఎంచుకోవడం తప్ప ఇంకే పనీ లేకుండా పోయింది.

దుకాణం ఒక చైనీస్ ఆంటీది. నేను అలవాటు కొద్దీ మొదటి ప్రశ్నగా మైలేజీ ఎంతిస్తుందని అడిగాను. ఆవిడ నవ్వింది. "ఈ దేశంలో ఎటు వెళ్లినా కాసేపటికి సముద్రమే వస్తుంది అంకుల్. ఎంత తాగుతుందిలే." ఇక్కడ అడగాల్సింది ఆయుర్దాయం. బండి ధర వేరు, దాన్ని పదేళ్లు రోడ్డు మీద ఉంచుకునే పర్మిట్ ధర వేరు, రెండోదే ఎక్కువ. అందుకే సెకండ్‌హ్యాండ్ బండికి పర్మిట్ ఇంకా ఎన్నేళ్లుందని అడుగుతారు.

రమణ నేరుగా దుకాణంలోకెల్లా ఎత్తయిన బండి దగ్గరికి వెళ్లాడు. నల్లగా, ముందుకి ముక్కు చాపి, హిమాలయాలకి దారి అడుగుతున్నట్టుంది. "ఇదీ మగాడి బండంటే. ఎక్కండి బావా, ఫొటో తీస్తాను."

ఎక్కడానికి నిచ్చెన లేదన్నది ఒక్కటే లోపం. ఎలాగో ఎక్కాను. అక్కణ్నుంచి మలేషియా కనిపించింది. కాళ్లు మాత్రం నేలకి అందలేదు. బొటనవేళ్ల మీద భరతనాట్యం చేస్తూ ఫొటో కోసం నవ్వాను. ఆ నవ్వుకి బండి ఎడమకి వాలింది. దాని పక్కన ఇరవై బండ్లు పేకముక్కల్లా నిలబడి ఉన్నాయి. రమణ ఫోన్ వదిలేసి హ్యాండిల్ పట్టుకున్నాడు, ఆంటీ నా బెల్టు పట్టుకుంది.

"రెడ్ లైట్ దగ్గర ఎవరు పట్టుకుంటారు అంకుల్?" అంది ఆంటీ, బెల్టు వదలకుండానే.

తరవాత ఆవిడ చూపించింది సన్నటి చిన్న బండి. మధ్యలోంచి కాలు దూర్చి కూర్చోవచ్చు. క్లచ్ లేదు. కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాయి. ఆ ఉదయం నుంచీ నేను సరిగ్గా ఊపిరి పీల్చింది అప్పుడే.

"బావా, మా వీధిలో పాలబ్బాయి ఇంతకన్నా పెద్ద బండి మీద వచ్చేవాడు" అన్నాడు రమణ.

"వాడికి నాకన్నా పొడుగు కాళ్లున్నాయేమో."

"ఫేస్‌బుక్‌లో ఏం పెడతారు?"

"మొహం పెడతాను. బండి కింద ఉంటుంది, కనపడదు."

దుకాణం వెనక సందులో నాలుగు చక్కర్లు కొట్టాను. బండి నా మాట వింది, పెళ్లయ్యాక అలా వినేవాళ్లు తగలడం ఇదే మొదటిసారి. ఆంటీ కాగితాలు ముందుకి తోసింది. ఒంటిగంట దాకా ఆగాలన్నాం. ఎందుకో రమణ వివరించాడు.

"మా వాళ్లూ దయ్యాల నెలని ఏడో నెలలో బండి కొనరు" అంది ఆంటీ. "కానీ ఏ దేశం ఏడో నెల అని ఎవరూ అడగలేదు."

ఈలోగా ఎదురుగా కాఫీషాపులో పరోటాలు తిన్నాం. ఒంటిగంట దాటాక డబ్బు కట్టి, ఇన్సూరెన్సు, పేరు మార్పిడీ ముగించి, నిమ్మకాయలు తొక్కించేసరికి ఆకాశానికి చిల్లు పడింది. పొద్దున పదింటికే కొనుంటే ఎండలో ఇల్లు చేరేవాణ్ణి. రోడ్డు మీద నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. పది చక్రాల లారీ ఒకటి వెళ్తూ ఫుట్‌పాత్‌కి స్నానం చేయించింది. తలకి పెట్టుకున్న హెల్మెట్టు తీసి మళ్లీ చంకలో పెట్టుకున్నాను.

నా మొహం చూసి ఆంటీ అంది. "సాయంత్రం నా లారీ మీ దారిలోనే హౌగాంగ్ దాకా వెళ్తుంది. బండి మీ ఇంటిదాకా దింపిస్తా. కెన్, కుదురుతుంది."

రమణ కళ్లు వెలిగాయి. "బావా, మీ బ్లాకు వెనక దించమందాం. అక్కణ్నుంచి కార్‌పార్క్ దాకా మీరు నడుపుకుని వచ్చేయండి. అక్కకి నేను చెప్పను, మీరు చెప్పరు."

నిజం చెప్పాలంటే సరే అనడానికి నోరు తెరిచాను. అంతలో సోమవారం గుర్తొచ్చింది. సోమవారం పొద్దున ఆఫీసుకి ఏ లారీని పిలుస్తాను? ఇవాళ లారీ ఎక్కితే ఈ బండి కార్‌పార్కులోనే ముసలిదైపోతుంది. దాని కన్నా ముందు నేను అవుతాను.

"వాన తగ్గాక వెళ్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నాలుగింటికి తగ్గింది. వెనక కొత్త రైడర్నని చాటే త్రికోణం బిళ్ల తగిలించుకుని, ఎక్స్‌ప్రెస్‌వే జోలికి పోకుండా అప్పర్ సెరంగూన్ రోడ్డు పట్టాను. నాకు తెలిసిన దేవుళ్లందరినీ వరసగా పిలిచాను, కొందరిని రెండుసార్లు. నా వెనక ఒక డబుల్ డెక్కర్ బస్సు ఏనుగు తన పిల్లని నడిపించుకున్నట్టు ఓపికగా వచ్చింది. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేలకి ఆనించి మహారాజులా నిలబడ్డాను. పక్కన ఆగిన ఫుడ్ డెలివరీ అమ్మాయి హెల్మెట్టు అద్దం పైకెత్తింది.

"అంకుల్, హౌగాంగ్ నుంచీ మీ ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటోంది. ఎప్పుడు తిరుగుతారు?"

"ధైర్యం వచ్చాక" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, వేలు పెట్టి మీట చూపించి, పచ్చలైటు పడగానే మాయమైంది.

మా బ్లాకు కింద బండి ఆపేసరికి సుజాత, అమ్మాయి నిలబడి ఉన్నారు. సుజాత బండి చుట్టూ ఓసారి తిరిగింది. "రైల్లో అయితే ఎప్పుడో వచ్చేవారు కదా" అంది. కానీ చెమటకి తడిసిన హెల్మెట్టు నా తల మీంచి ఆవిడే తీసింది. నా చేతులింకా హ్యాండిల్ని వదల్లేదు మరి.

ఇక కల్పించిందేదో చెప్పాలి. లారీకి పది చక్రాలున్నాయో లేదో లెక్కపెట్టలేదు, మలేషియా కూడా కనిపించలేదు గానీ అవి ఉత్త అతిశయోక్తులు. పూర్తిగా అల్లింది ఒక్కటే, సుజాత షరతు. ఆ ఉదయం తలుపు దగ్గర ఆవిడ నిజంగా అన్న మాట ఇది. "భయమేస్తే అక్కడే వదిలేసి రైలెక్కి వచ్చేయండి. ఎవరం ఏమీ అనుకోం." అంత మెత్తటి మాట పట్టుకుని వెళ్తే నేను తప్పకుండా రైలెక్కేవాణ్ణి. అందుకే లిఫ్టు కిందికి దిగేలోపు ఆ షరతు నేనే తయారుచేసుకుని, ఆవిడ గొంతుతో నాకు నేనే చెప్పుకున్నాను. రమణకీ అదే చెప్పాను. వాడు ఇప్పటికీ వాళ్లక్కని చూస్తే లేచి నిలబడుతున్నాడు.