నేను స్వామినైన అరగంట

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళవాడికి అది సహజమే అనుకోండి. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో గుమాస్తాగా చేరి, కంచరపాలెంలో అక్కాబావల ఇంట్లో ఉంటూ నాలుగు వేదాంతం పుస్తకాలు చదివేశాను (నాలుగోది సగమే). దాంతో జననమరణాలు, మాయ, మోక్షం అన్నీ చేతికందిపోయాయి. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఎండలు మండిపోతన్నాయి" అంటే చాలు, "ఎండ ఎవరికి? దేహానికా, ఆత్మకా?" అని మొదలుపెట్టేవాణ్ణి. జనం టీ సగంలో వదిలేసి లేచిపోయేవారు. వాళ్ళకు వైరాగ్యం కలుగుతోందని సంతోషించేవాణ్ణి.

ఒక ఆదివారం మా వీధి రామమందిరంలో ఒక స్వామివారి ప్రసంగం పెట్టారు. కమిటీ పెద్ద మా బావే. ఇక్కడివాడు, రైల్వేలో ఫిట్టరు. సాయంత్రం నాలుగింటికే జనం నిండిపోయారు గానీ స్వామివారి రైలు రాలేదు. అయిదు దాటేసరికి జనం కదలడం మొదలైంది. బావ నన్ను పక్కకి లాగాడు.

"బామ్మర్దీ, ఆయనొచ్చీదాకా నువ్వెక్కి నాలుగు ముక్కలు సెప్పీ."

"ఏం చెప్పను బావా?"

"ఏటో ఒకటి. మాకెలాగూ అర్థం కాదు."

ఆ చివరి మాటని మెప్పు కింద తీసుకున్నాను. అక్క ఉతికిన తెల్ల దుప్పటి భుజాన కప్పుకుని (అది నా సొంత ఆలోచన) మైకు ముందు కూర్చున్నాను. అరగంట మాట్లాడితే ఒక్కరూ లేవలేదు. బయట వాన పడుతోందని తర్వాత తెలిసింది. ఆ ఊపులో "సందేహాలుంటే అడగండి, ఏ ప్రశ్నకైనా జవాబుంది" అనేశాను.

ఆడవాళ్ళ వరసలోంచి చేపల అప్ప లేచింది. మా వీధుల్లో గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆవిణ్ణి అందరూ అప్ప (అంటే అక్క) అనే పిలిచేవారు. ఆవిడ కేక మూడు వీధుల అవతలికి వినబడేది. ఆ రోజు మాత్రం మెల్లగా అడిగింది.

"బాబూ, మా గుంటడు జొరమొచ్చి పోనాడు. తొమ్మిదేళ్ళు. ఎందుకు పోనాడు?"

నేను క్షణమైనా ఆలోచించలేదు. "కర్మఫలం తల్లీ."

"తొమ్మిదేళ్ళ గుంటడు ఏటి కరమ సేసినాడు?"

"ఈ జన్మలో కాదు, పూర్వజన్మలో."

"అయితే ఆ జన్మలో అమ్మనేడిపించాల గానీ, నన్నెందుకు ఏడిపిత్తన్నాడు బాబూ దేవుడు?"

పుస్తకాల్లో దీనికి జవాబు లేదు (చదవని ఆ సగంలో ఉందేమో తెలీదు). దుప్పటి సర్దుకున్నాను. ఆ చప్పుడు కూడా మైకులో అందరికీ వినబడింది.

అప్పుడు గుమ్మంలోంచి తడిసిన సంచీతో ఒక ముసలాయన నడిచొచ్చారు. ఆయనే స్వామివారు. అంతా విన్నారట. వేదిక ఎక్కకుండా అప్ప ఎదుట నేలమీద కూర్చుని, "నాకూ తెలీదమ్మా. తెలుసంటే అబద్ధమాడినట్టే. వాడెలా ఉండేవాడో చెప్పు, వింటాను" అన్నారు.

అప్ప చెప్పింది. చేపలమ్మేదాని కొడుకై ఉండి ముల్లంటే భయమని, ఓడ కూత వింటే ఏ దేశపు ఓడో చెప్పేసేవాడని, చెప్పినవన్నీ తప్పేనని. అక్కడ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. మేమూ అంతే. ప్రసంగం జరగనే లేదు.

అందరూ వెళ్ళాక స్వామివారికి దణ్ణం పెట్టి, "తెలీదని చెప్పడానికి స్వామి ఎందుకండీ?" అనడిగాను (అంతయ్యాక కూడా!). ఆయన విసుక్కోలేదు.

"నమ్మి అడుగుతారు నాయనా. మనమన్న మాట పట్టుకుని ఇంటికెళ్ళి బతకాలి వాళ్ళు. నీ మాటతో ఆవిడెలా బతుకుతుంది?"

మర్నాడు పొద్దున్నే అప్పకి ఎదురెళ్ళి "తప్పయింది అప్పా" అన్నాను. గంప దించి నన్ను ఎగాదిగా చూసింది. "సిన్నోడివి, నీకేటి తెల్సు! నాలుగు కానాగంతలు అట్టుకెళ్ళు సామీ. తింతావు కదేటి?"

ఆత్మోన్నతి కోసం చేపలు మానేసి అప్పటికి రెండు నెలలు. అయినా పట్టుకెళ్ళాను. అక్క పులుసు పెడితే ముల్లు కూడా మిగల్చలేదు.

ఇప్పుడు తలచుకుంటే, దుప్పటి కప్పుకున్న ఆ ఇరవై మూడేళ్ళవాడిమీద కోపం రాదు. వెధవ, ఎంత నమ్మకంగా ఉండేవాడో! అంత నమ్మకం తర్వాత ఏ విషయంలోనూ నాకు కలగలేదు. ఒక్కోసారి వాణ్ణి చూస్తే కాస్త అసూయ కూడా.