ఉప్పుగాలిని తట్టుకునే లాప్‌టాప్

పాసయ్యాను! అరవై అయిదో ఏట బి.ఏ. పాసయ్యాను. ఫలితాల పేజీలో హాల్ టికెట్ నంబరు మూడుసార్లు కొట్టి చూశాను. మూడుసార్లూ సెకండ్ క్లాసే వచ్చింది. మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లలోనే నేను మొదటిదాన్ని. ఇక పట్టా సంగతి చెప్పేదేముంది! ఈ చదువంతా సాగింది ఒక పాత లాప్‌టాప్ మీద. దాన్ని ఎంచుకోవడం నాకు నేర్పింది ఉద్యోగం కాబట్టి, ఆ ముక్క రాసి, తర్వాత ఈ కబురు చెప్పడానికి అందరికీ ఫోన్లు చేస్తాను.

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు నన్ను రేపల్లె నుంచి నిజాంపట్నం హార్బరు దగ్గరి చేపలశాఖ ఆఫీసుకి వేశారు. జూనియర్ అసిస్టెంటుని. అంటే కాగితం పుట్టించేది నేను, సంతకం పెట్టేది ఇన్‌స్పెక్టర్ గారు. పడవల లైసెన్సులు, వేట నిషేధం రోజుల్లో మత్స్యకారులకిచ్చే భృతి జాబితాలు మా పని. ఉన్న ఒక్క కంప్యూటరూ పాడైతే, ఒక లాప్‌టాప్‌కి చిన్న మొత్తం మంజూరైంది. అంతకు మించితే రూపాయి రాదు.

కొనడానికి ఒక పద్ధతుంది. వస్తువు ఎలా ఉండాలో ముందు ఒక కాగితం మీద రాస్తాం, దాన్ని స్పెసిఫికేషన్ అంటారు. మూడు షాపుల నుంచి కొటేషన్లు తెప్పిస్తాం. కాగితంలో రాసినవన్నీ ఉండి, ఎవరి ధర తక్కువైతే వాళ్ల దగ్గర కొంటాం. కాబట్టి ఏది కొంటామన్నది ఆ మొదటి కాగితంలోనే తేలిపోతుంది. అది తెలియక నేను బాపట్ల షాపువాళ్ల కరపత్రం చూసి ‘పల్చగా, తేలిగ్గా’ అని రాసిపెట్టాను.

ఆ రోజే ఇంజన్ మెకానిక్ పోలయ్య, వాళ్లన్న పడవ లైసెన్సు కోసం ఆఫీసుకొచ్చాడు. కరపత్రంలో బొమ్మ చూశాడు.

“ఇదేంటక్కా, అప్పడంలా ఉంది. పాడైతే ఎవరు విప్పుతారు?”

“కంపెనీవాళ్లే. గుంటూరు పంపాలంట.”

“మరి వచ్చిందాకా మా కాగితాలో? నడి సముద్రంలో ఇంజనాగితే గుంటూరు పంపుతానా నేను?”

కంప్యూటరు సంగతి నీకేం తెలుసన్నాను. తెలీదన్నాడు. “ఇంజను కొనేటప్పుడు మాత్రం మూడు చూస్తాను. గాలి ఎటు పీలుస్తది, నట్టు నా పానాకి అందుద్దా, సామాను దగ్గర్లో దొరుకుద్దా. రంగు ఆఖర్న.”

అతను వెళ్లాక పాత కాగితం చించేసి కొత్తది రాశాను. కింది మూత మామూలు మరలతో విప్పేలా ఉండాలి. బ్యాటరీ, మెమరీ, కీబోర్డు విడివిడిగా మార్చుకునేలా ఉండాలి. గాలి పక్క నుంచీ వెనక నుంచీ ఆడాలి. ఏడాదిపాటు ఇంజనీరు ఆఫీసుకే వచ్చి బాగుచేయాలి. మెమరీ ఎనిమిది జీబీ, లోపల తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ. ఇవన్నీ ఆ మొత్తంలోనే ఇమడాలని ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించాను. మా జాబితాలకి అది చాలు.

తెనాలి షాపు నుంచి నల్లగా, మందంగా ఒకటి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు దాన్ని చేత్తో ఎత్తి చూశారు.

“మార్తమ్మగారూ, ఇదేంటండీ ఇటుకలా ఉంది? జిల్లా మీటింగుకి తీసుకెళ్తే నవ్వుతారు.”

“నవ్వనివ్వండి సార్. మీరు సంతకం పెట్టండి.”

పెట్టారు. పాడైతే ఫైల్లో ఉండేది మీ పేరేనని కూడా అన్నారు.

ఆ వేసవిలో వేట నిషేధం మొదలైంది. పడవ పడవకీ అందులో పనిచేసే కళాసీల పేర్లు సైటులో ఎక్కించాలి. ఆఖరి రోజు సాయంత్రం అయిదింటికి సైటు మూసేస్తారు. అప్పటికి పేరెక్కని ఇంటికి ఆ ఏడు భృతి లేదు. ఆ ఉదయానికి ఇంకా రెండు పడవలు మిగిలాయి. అందులో ఒకటి పోలయ్య వాళ్లన్నది. పదకొండింటికి లాప్‌టాప్ దానంతటదే ఆరిపోయింది. వెలిగించాను, పది నిమిషాలకి మళ్లీ ఆరింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఇంజనీరు రేపొస్తాడన్నారు. సార్ నా కుర్చీ వెనక నిలబడి, “చెప్పానా?” అన్నారు.

పోలయ్యకి కబురు పెట్టాను. వచ్చి అరచెయ్యి ఆనించాడు.

“కాలిపోతంది కదక్కా! ముందు దీని కోటు తియ్యి.”

కోటంటే పాలిథిన్ కవరు. హార్బరులో ఉప్పుగాలికి రిజిస్టర్లు, స్టాంపు ప్యాడ్లు, అన్నీ కవర్లలోనే పెడతాం. ఆ అలవాటు కొద్దీ లాప్‌టాప్‌కి కూడా కొలతకి కత్తిరించి తొడిగాను, మీటల మేరకు మాత్రం వదిలి. అన్నీ చూసి కొన్న గాలి దారులు నా చేత్తో నేనే మూసేశాను.

విప్పితే వారంటీ పోతుందేమోనని తెనాలి షాపుకి ఫోన్ చేశాను. మూత తీసి దుమ్ము దులుపుకోవచ్చు, మిగతావి ముట్టుకోవద్దన్నారు. పోలయ్య చిన్న స్క్రూడ్రైవర్‌తో మూత తీశాడు. ఎండుచేపల కళ్లాల దుమ్ము చెమ్మకి ముద్దయి ఫ్యానుకి పట్టేసింది.

“పులుసు గాని పెట్టారా అక్కా ఇందులో?” అన్నాడు. సార్ కూడా నవ్వేశారు.

పొడి కుంచెతో దులిపి మూత బిగించాడు. రెండింటికి వెలిగింది, మళ్లీ ఆరలేదు. వాళ్లన్న పడవలో చివరి కళాసీ పేరు ఎక్కేసరికి అయిదుకి పావుగంట తక్కువ. ఆ పల్చనిదైతే అప్పటికి గుంటూరు బస్సులో ఉండేది. మర్నాడు సార్ గోడకి కాగితం అంటించారు: ‘లాప్‌టాప్‌కు కవరు వేయరాదు.’ వేసిందెవరో రాయలేదు.

రిటైరయ్యాక డిగ్రీ పాఠాల కోసం తెనాలిలోనే నాకొకటి చూసుకున్నాను. పెన్షన్‌లో కొత్తది అందలేదు. ఏదో ఆఫీసు వాడి వదిలేస్తే బాగుచేసి అమ్ముతున్నది తీసుకున్నాను. మరలకి తుప్పుందేమో చూశాను. ప్రతి మీటా నొక్కాను. గంటసేపు నడిపించి గాలి వచ్చేచోట చెయ్యి పెట్టాను. కొత్త బ్యాటరీ ఎంతో, ఊళ్లో దొరుకుతుందో లేదో ముందే అడిగాను.

“పెళ్లిచూపులా అమ్మా ఇవి?” అన్నాడు షాపాయన.

“పెళ్లిచూపుల్లో ఇన్ని నొక్కనివ్వరు బాబూ” అన్నాను.

మూడేళ్లలో మార్చింది ఒక్క బ్యాటరీ. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. తక్కువ డబ్బుతో కొనేటప్పుడు వేగం కొంచెం తగ్గినా ఫర్వాలేదు, మన ఊళ్లో విప్పి బాగుచేయగలిగింది కొనాలి. కొన్నాక దానికి గాలి ఆడనివ్వాలి.

ఇక ఫోన్లు. చేబ్రోలులో మా చెల్లి. స్టడీ సెంటర్లో నా అసైన్‌మెంట్లు దిద్దిన మేడమ్. తెనాలి షాపాయన. బాపట్లలో స్థిరపడ్డ ఇన్‌స్పెక్టర్ గారు, అలాంటి ఇటుక మీదే చదివానని చెప్పాలి. పోలయ్య. అతనికొక్కడికీ పొద్దుట్నుంచీ చేస్తున్నా, సిగ్నల్ లేదు. కొత్త ఇంజను బిగించి, ఎలా నడుస్తుందో చూడ్డానికి సముద్రం మీదికి వెళ్లాడట. ఒడ్డుకి రానీ.